అరవై ఏండ్లకు మల్ల పిలిచి ఇచ్చిన పని

1966 డిసెంబర్ 31 నాడు అమెరికా నేవీ ఒక అరవై ఏండ్ల ఆడమనిషిని రిటైర్ చేసి ఇంటికి పంపింది. వయసైపోయింది, ఇగ సాలన్నది. ఏడు నెలలు తిరిగినయో లేదో, 1967 ఆగస్టుల అదే నేవీ ఆమెను మల్ల పిలిచింది. ఆరు నెలల పని ఉన్నది, చేసిపెట్టి పొమ్మన్నది. ఆ ఆరు నెలలు కాస్త పందొమ్మిదేండ్లయినయి. 1986ల ఆఖరుకు ఇంటికి పోయేనాటికి ఆమెకు 79 ఏండ్లు, హోదా రియర్ అడ్మిరల్.

ఆమె పేరు గ్రేస్ హాపర్. ఫోన్ల వెతికితే కంప్యూటర్ల పురుగును పట్టినామె అని, కోబాల్ తల్లి అని వస్తది. రెండూ సగం నిజాలే. నేను చెప్పాలనుకున్నది ఇంకో ముచ్చట. నేవీ ఆమెను వెనక్కి పిలిచింది కొత్త యంత్రం కనిపెట్టమని కాదు, పాత ప్రోగ్రాంలు చిందరవందర అయినయి, వాటిని ఒక దారికి తెమ్మని. మన పిల్లలు హైదరాబాద్‌ల నౌకరి దొరికినంక సపోర్ట్ ప్రాజెక్టుల పడ్డమని, మెయింటెనెన్స్‌ల వేసిండ్రని మొఖం చిన్నగ చేసుకుంటరు చూడుండ్రి, అచ్చం అదే పని.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌ల పుట్టింది. తండ్రిది ఇన్సూరెన్స్ వ్యాపారం, కలిగిన ఇల్లు. మన తీరు కష్టాల నుంచి వచ్చిన మనిషి కాదు, ఆ సంగతి దాచి కత చెప్పుడెందుకు. ఏడేండ్లప్పుడు అలారం గడియారం ఎట్ల మోగుతదో చూద్దామని ఇప్పింది, మల్ల బిగించ రాలె. ఇంకోదాన్ని చూసి బిగిద్దామని దాన్నీ ఇప్పింది. అట్ల ఇంట్ల ఉన్న ఏడు గడియారాలూ కుప్పవోసింది. తల్లి చూసి, ఇగ ఒక్కదానితోనే ఆడుకొమ్మని మిగిలినయి గుంజుకున్నది.

వాసర్ కాలేజీల చేరబోతే లాటిన్‌ల మార్కులు తక్కువొచ్చి మొదటి ఏడు సీటు రాలె. తర్వాత ఏడు వచ్చింది. 1928ల డిగ్రీ, 1930ల యేల్ యూనివర్సిటీల పీజీ, 1934ల గణితంల పీహెచ్‌డీ. వాసర్‌లనే లెక్కలు చెప్పే పంతులమ్మ అయింది. అక్కడ ఒక అలవాటు పెట్టింది. లెక్కల క్లాసుల పిల్లలతోని వ్యాసాలు రాయించి, భాష తప్పులు దిద్దేది. మేము లెక్కల కోసం వచ్చినం, ఇంగ్లిష్ కోసం కాదని పిల్లలు లొల్లి పెడితే, ఎదుటోనికి చెప్పరాని లెక్క నేర్చుకొని ఏం లాభమని అడిగేది. ముందుకు ఆమె చేసిన పనులన్నిటి బీజం ఈడ ఉన్నదని నా నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1943ల నేవీల చేరుతనని పోతే వయసు ఎక్కువన్నరు, బరువు ఏడు కిలోల దాక తక్కువన్నరు. ప్రత్యేక పర్మిషన్ తెచ్చుకొని చేరింది. ట్రైనింగ్‌ల ఫస్టొచ్చింది. 1944ల హార్వర్డ్ యూనివర్సిటీకి పంపిండ్రు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అనేటాయన కింద మార్క్ వన్ అనే యంత్రం ఉండె. 51 అడుగుల పొడుగు, 8 అడుగుల ఎత్తు. ఒక రైలు డబ్బాను తెచ్చి ఆఫీసుల పెట్టినట్టు అనుకోండ్రి. దానికి చిల్లుల కాగితం పట్టీ మీద ఆర్డర్లు ఇయ్యాలె. ప్రోగ్రామర్ అనే పేరే సరిగ లేని కాలంల ఆమె ఆ యంత్రానికి మూడో ప్రోగ్రామర్. యుద్ధం అయిపోయినంక ఆ యంత్రం ఎట్ల నడపాలో 500 పేజీలు దాటిన పుస్తకం రాసిపెట్టింది.

ఒక మాట ఈడ దాటిపోవద్దు. 1944ల జాన్ వాన్ న్యూమన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఒక లెక్క పట్టుకొని ఆ యంత్రం కాడికి వచ్చిండు. ఆ లెక్క అణుబాంబుది. లెక్క కట్టినోళ్లకు అది దేనికోసమో చెప్పలె. ఆమె గొప్పది రాస్తున్నప్పుడు ఈ మరకను తుడిచి రాయలేను. తమ చేతుల నుంచి పోయే లెక్క ఏడికి పోతున్నదో తెల్వకుంట పనిచేసినోళ్ల కత కూడ కంప్యూటర్ చరిత్రనే.

పురుగు ముచ్చట రెండు మాటలల్ల. 1947 సెప్టెంబర్ 9 నాడు మార్క్ టూ యంత్రంల ఒక రిలేల రెక్కల పురుగు ఇరుక్కున్నది. రిజిస్టర్ల టేపు వేసి అంటించిండ్రు. యంత్రంల దోషాన్ని బగ్ అనుడు అంతకు ముందటి నుంచే ఉన్నది. పురుగును పట్టింది ఆమె ఒక్కతే అనుడు కూడ సరికాదు. ఆమెకు ఆ కత చెప్పుడు ఇష్టం, బాగ చెప్పేది, అందుకే ఆమె పేరు మీద నిలిచింది.

1945ల భర్తతోని విడాకులైనయి. 1949ల హార్వర్డ్ నుంచి బయటికొచ్చి ఫిలడెల్ఫియాల యూనివాక్ అనే కంప్యూటర్ తయారుచేసే చిన్న కంపెనీల చేరింది. ఆ రోజులల్ల తాగుడుకు అలవాటై కింద పడ్డది, దోస్తులు చేయిపట్టి లేపిండ్రు. తర్వాత ఆ కంపెనీని రెమింగ్టన్ రాండ్ కొన్నది.

ఆ కాలం యంత్రాలతోని మాట్లాడాలంటే వట్టి అంకెలే. ఒక యంత్రం పదులల్ల లెక్కపెట్టదు, ఎనిమిదులల్ల లెక్కపెడతది. అంటే ఏడు తర్వాత ఎనిమిది రాదు, పది వస్తది. హాపర్ ఆ లెక్కల ఎంత మునిగిందంటే, ఇంట్ల బ్యాంకు పుస్తకం మూడు నెలలు పొంతన కుదరలె. బ్యాంకుల పనిచేసే తమ్మునికి చూపిస్తే, అక్కడక్కడ నువ్వు ఎనిమిదుల లెక్కల తీసివేతలు చేసినవని తేల్చిండు. మనిషి యంత్రం భాషల పడి కొట్టుకుపోతున్నడు, యంత్రమే మనిషి భాషకు రావాలె కదా అని ఆమెకు అనిపించింది.

ఇంకో తిప్పలు కాపీ చేసుడు. ఒకసారి రాసి, పరీక్షించి, సక్కగ పనిచేసిన తునకలను ప్రోగ్రామర్లు నోటుబుక్కులల్ల దాచుకునేటోళ్లు. వేరేటోళ్లకు అదే పని పడితే ఆ నోటుబుక్కు అడుక్కొని, చూసి రాసుకునేటోళ్లు. రాసుకున్నప్పుడు తునక చోటు మారుతది కాబట్టి అడ్రసు అంకెలన్నిటికీ కొంత కలుపుకుంట పోవాలె. ఈడ రెండు తప్పులు జరిగేవి. ఒకటి, ప్రోగ్రామర్లకు కూడికలు సరిగ రావు. రెండు, చూసి రాయరాదు. డెల్టా గుర్తును 4 అని రాసేటోళ్లు, బి అక్షరాన్ని 13 అని రాసేటోళ్లు. హాపర్ ఆలోచన ఇదీ: కూడికలు చేయనీకి, ఉన్నది ఉన్నట్టు రాయనీకే కదా ఇంత పెద్ద యంత్రం తయారుచేసినం, మరి ఆ పని మనం ఎందుకు చేస్తున్నం? 1952 నాటికి ఏ-జీరో అనే కంపైలర్ తయారుచేసింది. పనిచేసిన తునకలన్నీ టేపు మీద ఎక్కించి, ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చింది. మనిషి నంబర్లు చెప్తే చాలు, యంత్రమే వెతికి, తెచ్చి, అడ్రసులు సర్ది, ఒక్క ప్రోగ్రాంగ కుడతది. శానమంది నమ్మలె. కంప్యూటర్ లెక్కలు చేస్తది కాని ప్రోగ్రాం ఎట్ల రాస్తదని ఎదురడిగిండ్రు.

ఇయ్యాల కూడ మన ఆఫీసులల్ల పాత ప్రోగ్రాం తెరిస్తే ఒకటే తునక పది కాడ కాపీ కొట్టి ఉంటది. ఒక కాడ పన్ను రేటు మార్చి, తొమ్మిది కాడ మర్చిపోతరు. డెబ్బై ఏండ్ల కింద ఆమె పట్టుకున్న రోగం ఇంక పోలేదు.

తర్వాత అసలు లడాయి మొదలైంది. కంప్యూటర్లను లెక్కల పండితులకు అమ్మితే ఎన్ని అమ్ముతరు? జీతాలు, బిల్లులు, స్టాకు, ఇన్సూరెన్స్, ఇదీ లోకంల నడిచే పని. ఆ పని చేసేటోళ్లకు గుర్తులంటే పడదు. హాపర్ ఏమన్నదంటే, వాళ్లు మాటలల్ల రాసుకోనీ, యంత్రం అర్థం చేసుకుంటది. కంపెనీ పెద్దలు కుదరదన్నరు, కంప్యూటర్‌కు ఇంగ్లిష్ రాదు కదా అన్నరు. కొన్నేండ్లు పైసలు ఇయ్యలె. ఆమె టీమ్ తోని చిన్న నమూనా చేసి చూపించింది. ఇంగ్లిష్ మాటలతోని ఒక ప్రోగ్రాం నడిచింది. ఆడితోని ఆగితే అయిపోవు. యంత్రానికి ఏ భాష అయినా ఒక్కటే అని చూపిద్దామని అదే ప్రోగ్రాం మాటలు ఫ్రెంచ్‌లకు, జర్మన్‌లకు మార్చి నడిపించింది. పెద్దలకు గుండె ఆగినంత పనైంది. ఫిలడెల్ఫియాల తయారైన మర్యాదగల అమెరికా కంప్యూటర్ ఫ్రెంచ్, జర్మన్ ఎట్ల అర్థం చేసుకుంటది? దీంట్ల ఏదో తేడా ఉన్నదన్నరు. ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష పెట్టమని వాళ్లను సముదాయించనీకి నాలుగు నెలలు పట్టిందని ఆమె చెప్పుకునేది. ఆ పని నుంచి ఫ్లో-మాటిక్ అనే భాష బయటికొచ్చింది.

ఈ కత నాకు ఎందుకు ఇష్టమో, మన యాసల వార్తలు చదివే మీకు వేరే చెప్పక్కరలేదు. మాట మారంగనే పెద్దోళ్లు ఎందుకు గాభరా పడతరు? నిజాం కాలంల పట్వారి దస్త్రం ఉర్దూ, పారసీ మాటలతోని ఉండేది. భూమి రైతుది, దున్నేది రైతు, కాని కాగితంల ఏమున్నదో పట్వారికే ఎరుక. చదవరాని రాత చేతుల ఉన్నోనికి ఎంత బలమో మన తాతలను అడుగుండ్రి. ఇప్పుడు కౌంటర్ కాడికి పోతే సిస్టం తీసుకుంటలేదు అంటరు. సిస్టం లోపట ఏం రాసి ఉన్నదో ఆ కౌంటర్ల కూసున్నోనికి కూడ తెల్వదు.

1959 నాటికి అమెరికా రక్షణ శాఖ కాడ 225 కంప్యూటర్లు ఉన్నయి, ఇంక 175 ఆర్డర్ ఇచ్చింది, ప్రోగ్రాంల మీద 20 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టింది. ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాం ఇంకో కంపెనీ యంత్రం మీద నడవదు. యంత్రం మారిస్తే రాసిందంతా బుగ్గిపాలే. బరోస్ కంపెనీల పనిచేసే మేరీ హాస్ అనే ఆమె, అందరికీ పనికొచ్చే ఒక్క భాష కావాలని గట్టిగ అడిగింది. ఏప్రిల్ 8న పెన్సిల్వేనియా యూనివర్సిటీల చిన్న మీటింగ్, మే 28, 29ల పెంటగాన్‌ల పెద్ద మీటింగ్ జరిగినయి. కమిటీలు పడ్డయి. అట్ల కోబాల్ పుట్టింది.

దాన్ని హాపర్ ఒక్కతే రాయలేదు. ఆమె సలహాదారు. కూసొని రాసింది వేరే కమిటీ. అందుల జీన్ సామెట్, గెర్ట్రూడ్ టియర్నీ అసొంటి ఆడోళ్లు కూడ ఉన్నరు. కాని కోబాల్ వెన్నెముక ఫ్లో-మాటిక్‌దే. ఒక్కరిని దేవతను చేసి మిగిలినోళ్లను మాయం చేసుడు మన కాడ కూడ ఉన్న రోగమే.

కమిటీ పని ఎంతకూ తెగకపోతే హోవార్డ్ బ్రాంబర్గ్ అనేటాయన విసుగొచ్చి ఒక సమాధి రాయి కొన్నడు. దాని మీద కోబాల్ అని చెక్కించి, కమిటీల పెద్దమనిషి చార్లెస్ ఫిలిప్స్‌కు పార్శిల్ పంపిండు. పుట్టకముందే చచ్చిందని ఎక్కిరించుడన్నట్టు. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియాల కంప్యూటర్ మ్యూజియంల ఉన్నది. చచ్చిందన్న భాష ఇంక బతికే ఉన్నది. 1960 డిసెంబర్ 6, 7 తారీఖులల్ల ఒకటే కోబాల్ ప్రోగ్రాం రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద, ఆర్‌సీఏ 501 మీద, యూనివాక్ టూ మీద నడిచింది. ఇది చిన్న సంగతి కాదు. ప్రోగ్రాం యంత్రం అమ్మినోని చెర నుంచి బయటపడ్డ రోజది.

బయటపడ్డదని అనుకున్నరు. కంపెనీలు ఊకుంటయా? ప్రతి కంపెనీ కోబాల్‌కు తన సొంత తోక తగిలించింది. మా దాంట్ల ఈ మాట ఎక్కువుంది, మా దాంట్ల ఆ సౌలత్ ఉన్నది అన్నయి. ప్రోగ్రామర్లు ఆ తోకలకు అలవాటు పడ్డరు. ఏడేండ్లు తిరిగేసరికి పేరు ఒక్కటే, భాషలు పది. నేవీ కాడ అన్ని కంపెనీల యంత్రాలు ఉన్నయి. ఒక ఓడరేవుల రాసింది ఇంకో ఓడరేవుల నడవదు. 1967ల హాపర్‌ను మల్ల పిలిచింది ఈ చిక్కు తీయనీకే.

ఈడ ఆమె చేసిన పని చూడుండ్రి. పాతదంతా పారేసి కొత్తగ రాద్దామని అనలె. అట్ల అంటే నేవీల జీతాలు ఆగిపోతయి. ఉన్నది ఉన్నట్టు ఉండనీ అని కూడ అనలె. ముందుగాల, అసలు కోబాల్ అంటే ఏది, తోక అంటే ఏది అని తేల్చే పరీక్షలు రాయించింది. ఆ పరీక్షలు కూడ కోబాల్ ప్రోగ్రాంలే. కంపెనీ తెచ్చిన కంపైలర్ మీద వాటిని నడిపిస్తే, ఈ మాట సరిగ అర్థం చేసుకున్నది, ఈ మాట తప్పు చేసింది అని ఒక్కోటి ముద్రించి చూపిస్తయి. కంపెనీ సేల్స్ మనిషి ఎంత తియ్యగ మాట్లాడినా కాగితం మీద ఫెయిల్ అని వస్తే నోరు మూసుకోవాలె. 1968ల కోబాల్‌కు అమెరికా జాతీయ ప్రమాణం వచ్చింది. తర్వాత సర్కారు కొనే కంపైలర్లకు ఇసొంటి పరీక్ష దాటుడు తప్పనిసరైంది. ఆమె 1977 దాక నేవీల ఆ విభాగం నడిపింది. మాన్యువల్స్ రాయించింది, ట్రైనింగ్‌లు పెట్టించింది, ఊరూరు తిరిగి చెప్పింది.

ఆమె ఆఫీసుల గోడ మీద ఒక గడియారం ఉండె, ముండ్లు ఎడమకు తిరిగేవి. టైం మాత్రం కరెక్టే చూపించేది. వచ్చినోళ్లు మొదలు పరేషాన్ అయ్యేటోళ్లు, రెండు రోజులైతే అలవాటయ్యేది. మేము ఎప్పటి నుంచో ఇట్లనే చేస్తున్నం అనే మాటంటే ఆమెకు మంట. ఆ గడియారమే ఆ మాటకు ఆమె జవాబు. చిన్నప్పుడు ఏడు గడియారాలు ఇప్పిన మనిషికి ఈ మాత్రం తగును.

ఇప్పుడు కోబాల్ సపోర్ట్‌ల పనిచేస్తున్న తమ్ముళ్లు, చెల్లెండ్ల కోసం జర లోపటికి పోతా. తెల్వనోళ్లు కూడ చదవొచ్చు, కష్టమేం లేదు. కోబాల్ పుట్టింది చిల్లుల కార్డుల కాలంల. కార్డుకు 80 గడులు. మొదటి ఆరు గడులు వరుస నంబర్‌కు, ఏడోది గుర్తుకు, ఎనిమిది నుంచి 72 దాక ప్రోగ్రాం. కార్డులు పోయి ఎన్నేండ్లయినా శాన ప్రోగ్రాంలు ఇంక ఆ గడులల్లనే కూసున్నయి. పాత ప్రోగ్రాంల గో టు అనే ఆర్డర్ మస్తుగ ఉంటది, ఈడికెల్లి ఆడికి దుంకు అని. అంతకంటె ఘోరం ఆల్టర్. ఒక కాడ గో టు ఏడికి దుంకాలో ఇంకో కాడి నుంచి మార్చేస్తది. కాగితం మీద చదివితే ఒకటి, నడిచేటప్పుడు ఇంకోటి. ఊరి మధ్యల దారి చూపే బోర్డును రాత్రిపూట ఎవడో తిప్పిపెట్టినట్టు.

ఇంకోటి చుక్క. పాత కోబాల్‌ల ఇఫ్ అని షరతు పెడితే అది చుక్క కాడ ముగుస్తది. ఆ చుక్క ఒక లైన్ ముందుకు పడితే షరతు ఉన్నోళ్లకు రావాల్సిన కోత అందరికీ పడుతది. వాక్యం చివర కంటికి ఆనని చుక్క, ఎవరిదో పింఛన్ గుంజుకోగలదు. 1985ల వచ్చిన ప్రమాణంల ఎండ్-ఇఫ్ అనే మాట పెట్టిండ్రు, షరతు ఏడ ముగిసిందో చదివినోనికి కనబడాలని. అదే ప్రమాణంల ఇంకో తెలివైన పని చేసిండ్రు. ఆల్టర్ అసొంటి వాటిని ఒక్క దెబ్బకు తీసేయలె. ఇవి వచ్చేసారి పోతయని ముందే చాటింపు వేసిండ్రు. 2002 ప్రమాణంల తీసేసిండ్రు. నడుమ పదిహేడేండ్లు. ఎవరి ప్రోగ్రాంను వాళ్లు మరమ్మతుకు తెరిచినప్పుడల్లా ఇంత తీసేసుకోనీకి టైం ఇచ్చిండ్రన్నట్టు. ఆ 1985 ప్రమాణమే ఊరికె రాలె. మా పాత ప్రోగ్రాంలు పాడైతయని పెద్ద కంపెనీలు మోకాలడ్డి ఏండ్లకేండ్లు ఆపినయి.

మెయింటెనెన్స్ టికెట్ చేతికి వచ్చినప్పుడు ఈ సంగతి యాదిల పెట్టుకోవాలె. పన్ను రేటు మార్చమని వచ్చింది, ప్రోగ్రాం తెరిచినవు. మొత్తం తిరగరాస్తా అని దుంకితే మునుగుతవు. ఒక్క అంకె మార్చి కండ్లు మూసుకొని మూసేస్తే, నీ తర్వాత వచ్చేటోడు నిన్ను తిట్టుకుంటడు. చేయి పెట్టిన పేరా వరకు సాఫు చెయ్యి. ముందుగాల పాత ప్రోగ్రాంను అసలు డేటాతోని నడిపి వచ్చిన ఫలితం దాచిపెట్టుకో. సాఫు చేసినంక అదే డేటాతోని నడిపి రెండు ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడు, ఒక్క అక్షరం తేడా రావద్దు. వచ్చిందంటే నువ్వు సాఫు చేయలె, అర్థం మార్చినవు. అది కుదిరినంకనే పన్ను రేటు మార్చు. సాఫు చేసుడు, మార్చుడు రెండూ ఒక్కసారి కలిపితే తప్పు ఏడ వచ్చిందో ఆ దేవునికి కూడ దొరకదు. స్టేటస్ 3 అయితే అని రాసి ఉంటే, 3 అంటే ఏందో అడిగి తెలుసుకొని పేరు పెట్టు. కోబాల్‌ల 88 లెవెల్ ఉన్నదే అందుకు, పింఛన్ ఆగింది అని మాటల్ల రాసుకోవచ్చు. ఇగ, ఎవరూ పిలుస్తలేరు కదా అని ఒక పేరాను పీకేసేముందు ఆఫీసుల ముసలోళ్లను అడుగు. కొన్ని ప్రోగ్రాంలు ఏడాదికి ఒక్కసారి, మార్చి 31 రాత్రి మాత్రమే లేస్తయి.

ఈ పనికి పేరు రాదు. ప్రమోషన్ మీటింగుల కొత్త యాప్ తయారుచేసినోని ఫోటో వేస్తరు. 2020 ఏప్రిల్‌ల కరోనా కాలంల న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినోళ్లు వలంటీర్లుగ రావాలని మైకు ముందట అడుక్కున్నడు. నౌకరీలు పోయిన జనం సాయం కోసం లక్షల సంఖ్యల దరఖాస్తు పెడితే పాత వ్యవస్థ ఆగమైంది. భాష పాతదని అందరూ దాన్ని తిట్టిండ్రు. నా లెక్కల తప్పు భాషది కాదు. ముప్పై నలభై ఏండ్లు దాన్ని అరువు చీర లెక్క వాడుకొని, చూసుకునే మనుషులను పనిల నుంచి తీసేసి, ఒక్క పిల్లనూ తయారు చేయని పెద్దలది.

హాపర్‌కు పేరు ఆలస్యంగనైనా వచ్చింది. 1969ల డేటా ప్రాసెసింగ్ సంఘం ఇచ్చిన బిరుదు ఏందో తెలుసా, మ్యాన్ ఆఫ్ ది ఇయర్. ఆడమనిషికి ఇచ్చుకుంట పేరు మార్చాలన్న సోయి కూడ లేదు. 1973ల కెప్టెన్, 1983ల కమడోర్, 1985ల రియర్ అడ్మిరల్. 1986 ఆగస్టు 14న బోస్టన్ రేవుల పాత యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ మీద నేవీ సాగనంపింది. అయినా ఇంట్ల కూసోలె. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీల సలహాదారుగ చేరి ఊర్లు తిరిగింది. పిల్లల సభలకు పోతే అడుగు కంటె కొంచెం తక్కువ పొడుగున్న వైరు ముక్కలు పంచేది, సెకనుల వంద కోట్ల వంతుల కరెంటు పోగలిగిన దూరం ఇంతే అని చూపించనీకి.

ఒక కోరిక చెప్పేది. 1999 డిసెంబర్ 31 రాత్రి దాక బతికి, ఆ పండుగ చూడాలని. అప్పటికి 93 నిండేవి. చూడలె. 1992 జనవరి 1 నాడు నిద్రలనే పోయింది. ఆర్లింగ్టన్ శ్మశానవాటికల మిలిటరీ మర్యాదలతోని బొంద పెట్టిండ్రు.

ఆ రాత్రి మన తెలుగోళ్లు చూసిండ్రు, ఇంకోతీరుగ. కార్డుల గడులు ఆదా కావాలని పాత ప్రోగ్రాంలల్ల ఏడాదికి రెండు అంకెలే పెట్టిండ్రు, 1967ను 67 అని. 2000 వస్తే 00 అయితది, వందేండ్లు వెనక్కి పోయినట్టు లెక్కలు తప్పుతయి. లోకంల ఉన్న కోట్ల లైన్లు తెరిచి చూడనీకి మనుషులు కావాల్సి వచ్చిండ్రు. అమీర్‌పేట గల్లీలల్ల కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ క్లాసుల బోర్డులు లేచినయి. అమెరికా 1999, 2000 సంవత్సరాలకు హెచ్-1బీ వీసాలు 65,000 నుంచి 1,15,000 చేసింది. డిగ్రీ చదివి ఊర్ల ఖాళీగ తిరిగే పోరగాండ్లు ఎందరో అప్పు చేసి ఆ కోర్సు నేర్చి విమానం ఎక్కిండ్రు. ఇయ్యాల అమెరికాల ఉన్న తెలుగు ఇండ్లల్ల కొన్నిటికి పునాది రాయి అదే, వేరేటోళ్లు ముప్పై ఏండ్ల కింద రాసిపెట్టిన ప్రోగ్రాంల మరమ్మతు.

ఆ మరమ్మతు ఎట్ల చేసిండ్రో కూడ చెప్పాలె. టైం ఉన్న కాడ ఏడాదిని నాలుగు అంకెలు చేసిండ్రు. టైం లేని కాడ చిట్కా పెట్టిండ్రు: రెండు అంకెలు ఫలానా అంకె కంటె తక్కువుంటే 2000లు, ఎక్కువుంటే 1900లు అనుకొమ్మని యంత్రానికి చెప్పిండ్రు. ఆ ఫలానా అంకె ఒక్కో ఆఫీసుల ఒక్కోతీరు, 20 ఒక కాడ, 30 ఒక కాడ, 50 ఇంకో కాడ. తర్వాత మెయింటెనెన్స్‌ల సరిచేసుకుందామని అప్పుడు అందరూ అనుకున్నరు. 2020 జనవరిల కొన్ని కాడ అది పేలింది. మిగిలిన లైన్లు ఇంక నడుస్తనే ఉన్నయి.